‘తెలియదు’ అంటే సరిపోతుందా?

గుంటూరు వైద్య కళాశాల 1946లో ప్రారంభమైంది. విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 1986లో ఏర్పడింది. మంగళగిరిలోని ఎయిమ్స్ 2018లో తొలి విద్యార్థులను చేర్చుకుంది. పత్తి, మిరప పండే మన మెట్ట ఊళ్ళలో ఎక్కడి నుండి బయలుదేరినా పెద్ద వైద్యశాస్త్రం ఈనాడు మనకు బస్సు ప్రయాణమంత దూరంలోనే ఉన్నది. అక్కడ ఏడాది పొడవునా ఉపన్యాసాలు, శిక్షణ శిబిరాలు జరుగుతుంటాయి. కొన్ని వైద్యుల కొరకు, కొన్ని నర్సుల కొరకు, మరికొన్ని మనవంటి సామాన్యుల కొరకు. ఫిబ్రవరి 4 క్యాన్సర్ దినమని, ఏప్రిల్ 7 ఆరోగ్య దినమని, నవంబరు 14 మధుమేహ దినమని పేర్లు పెట్టి, రండి, వినండి, అడగండి అని పిలుస్తుంటారు.

ఆ పిలుపు విని వెళ్ళేవారెవరు? వైద్యులకు ఒక నియమమున్నది. డిగ్రీ చేతికొచ్చాక కూడ ప్రతి ఐదేళ్ళలో కనీసం 30 గంటలు ఇటువంటి సభలలో కూర్చొని కొత్త విషయాలు నేర్చుకోవాలని వారి వృత్తి ధర్మ నిబంధనలు చెబుతున్నాయి. రైతుకుగాని, కూలీకిగాని, తల్లికిగాని, విచారణ గురువుకుగాని అటువంటి నియమం లేదు. వెళితే వెళ్ళవచ్చు, మానితే మానవచ్చు. మానినందుకు ఎవరూ అడగరు.

చట్టం అడగదు, నిజమే. మరి మనస్సాక్షి అడుగుతుందా? ఆరోగ్యాన్ని గురించి తెలుసుకోవడం ఇష్టముంటే చేసే పనా, లేక చేయక తప్పని ధర్మమా? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ఒక జవాబు మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. “మాకెందుకండీ ఫాదర్ గారూ అవన్నీ! జబ్బు చేస్తే డాక్టరు గారున్నారు. ఆపైన దేవుడున్నాడు. ఎట్లా రాసిపెట్టి ఉంటే అట్లా జరుగుతుంది.” ఈ మాటలో వినయమున్నట్లు కనబడుతుంది. కాని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం ఇంటికి వెళ్ళి ఒకసారి తెరిచి చూడండి. వైద్యుణ్ణి గౌరవించమని, అతనికి నేర్పునిచ్చినవాడు దేవుడేనని, భూమి నుండి పుట్టే మందులను వివేకవంతుడు కాదనడని ఆ గ్రంథకర్త బోధిస్తాడు. ప్రార్థించమని చెప్పిన ఆ అధ్యాయమే వైద్యునికి చోటివ్వమని కూడ చెప్పింది. రెండింటినీ ఒకేచోట చెప్పినవాడికి వాటి మధ్య పోటీ కనబడలేదు.

ఇక ‘తెలియదు’ అనే మాట సంగతి చూద్దాం. పునీత తోమాసు అక్వినాసు వారు 13వ శతాబ్దంలోనే దీనిని చాలా జాగ్రత్తగా విడదీసి చూపించారు. మనిషికి తెలియనివి కోటానుకోట్లు ఉంటాయి. జ్యామితి సిద్ధాంతాలు తెలియకపోతే అది పాపం కాదన్నారు ఆయన. కాని తన స్థితికి, తన బాధ్యతకు సంబంధించిన సంగతులు తెలుసుకొనవలసిన పూచీ ప్రతివాడిపైనా ఉన్నదన్నారు. తెలుసుకొనేందుకు వీలులేక తెలియకపోవడం వేరు. వీలుండీ అశ్రద్ధ వలన తెలియకపోవడం వేరు. తెలిస్తే తన పని చెడుతుందని తెలుసుకోకుండా తప్పించుకోవడం మరీ వేరు. మొదటిదానికి దోషం లేదు. రెండవదానికి ఉన్నది. మూడవదానిలో అజ్ఞానమే మనం కోరి తెచ్చుకున్న తప్పు. ఈ మూడింటినీ మన పొలాల మీదికి తీసుకువద్దాం.

మొదటిది. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఊళ్ళలో తరతరాలుగా పిల్లల పళ్ళు పసుపు, గోధుమ రంగు చారలు దేరేవి. పెద్దవారికి నడుము వంగేది కాదు, మెడ తిరిగేది కాదు. కొందరు నలభై ఏళ్ళకే ముసలివారయ్యేవారు. అది వంశదోషమని కొందరు, శాపమని కొందరు అనుకున్నారు. ఆ ఊళ్ళు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం అనే పేరు పెట్టారు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని పరిశీలించి, దీనికి కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. భారతదేశంలో మనుషులకు వచ్చిన ఫ్లోరోసిస్‌ను వివరించిన తొలి రచనలలో అది ఒకటి.

1937కు ముందు ఆ బావి నీళ్ళు తోడి బిడ్డకు తాగించిన తల్లిని ఎవరు తప్పుపట్టగలరు? నీరు తేటగా ఉన్నది, దాహం తీర్చింది. తెలుసుకొనే దారి ఆమెకు లేదు. మరి 1938లో తాగించిన తల్లి మాట? ఆమెకూ దోషం లేదు. ఎందుకంటే ఆ సత్యం ఇంగ్లీషు పత్రికలో అచ్చయిందేగాని, ఆమె బావి గట్టు మీదికి రాలేదు. ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. ఆమె అజ్ఞానం ఆ ఏడు కూడ అంతే ఉన్నది. మారినది ఒక్కటే. ఇప్పుడు తెలిసినవారు కొందరున్నారు. వారికి తెలిసిన క్షణం నుండి ఆమె తెలియనితనానికి పూచీ వారి మీద పడింది. దీపం వెలిగించినవాడు దానిని కుంచం కింద పెట్టకూడదని ప్రభువు చెప్పిన మాట వైద్య పరిశోధకులకు, ప్రభుత్వాధికారులకు కూడ వర్తిస్తుంది.

ఈనాడు పరిస్థితి వేరు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీటిని పరీక్షించే ప్రయోగశాలలు ఉన్నాయి. అయినా “కాచి చల్లార్చి తాగుతున్నాం గదా, ఇంకేం భయం?” అనేవారు ఈనాటికీ ఉన్నారు. కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ, మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. పాలపళ్ళ వయసులోని బిడ్డ ఆ నీరే తాగితే, చిగురు లోపల తయారవుతున్న అసలు పళ్ళ పింగాణీ అప్పుడే చెడుతుంది. ఇటువంటి చిన్న సంగతి చెప్పడానికే గదా ఒక వైద్యుడు సాయంత్రం పూట గంటసేపు నిలబడి మాట్లాడేది!

రెండవది, వీలుండీ తెలుసుకోకపోవడం. మన పొలాలలో పురుగుమందు కొట్టే తీరు చూడండి. మిరపకు, పత్తికి ఎన్ని దఫాలు కొడతామో మీకు తెలుసు. డబ్బా మీద ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే తీవ్ర విషం, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చైతే కొద్దిపాటి విషం. ఎరుపు తరువాత నీలం వస్తుందా, పసుపు వస్తుందా అని మన ఊళ్ళో పదిమందిని అడిగితే ఎందరు చెప్పగలరు? చాలామంది విషం నోటి ద్వారానే లోనికి పోతుందనుకుంటారు. చాలా మందులు చర్మం గుండా కూడ పోతాయి. చెమట పట్టిన ఒంటికి తడిచొక్కా అంటుకొని ఉంటే మరింత పోతుంది. ఆర్గానోఫాస్ఫేటు రకం మందులు మన నరాలలో పనిచేసే ఒక ఎంజైమును కట్టిపడేస్తాయి. అప్పుడు చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి, కంటిపాప సూదిమొనలా చిన్నదవుతుంది, ఊపిరి ఆడదు. అట్రోపిన్ అనే మందు సకాలంలో పడితే ప్రాణం నిలుస్తుంది. “ఎండదెబ్బ, కాసేపు పడుకుంటే తగ్గుతుంది” అని చెట్టు కింద పడుకోబెడితే ఆ సకాలం కాస్తా దాటిపోతుంది.

ఖాళీ డబ్బా సంగతీ అంతే. కడిగి ఇంట్లో వాడుకోవడం మన పల్లెల్లో కొత్త కాదు. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పసివారు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. మన పత్తి చేలు బాగా ఎరిగిన పేరది. ఆ బిడ్డలను చంపాలని అక్కడ ఎవరూ అనుకోలేదు. చంపాలనుకోకపోవడం ఒక్కటే మనలను నిర్దోషులను చేయదని ఆ సంఘటన చెబుతోంది.

అయితే ఇక్కడ ఒక తేడా ఉన్నది. మందు కొట్టించే రైతు, కొట్టే కూలీ ఇద్దరికీ ఈ సంగతులు తెలియవనుకుందాం. ఇద్దరి తప్పూ సమానమా? కాదు. కూలీ తన శరీరాన్ని ప్రమాదంలో పెడుతున్నాడు. రైతు పరాయివాడి శరీరాన్ని పెడుతున్నాడు. అక్వినాసు వారు ‘తన స్థితికి సంబంధించినది’ అన్న మాటకు అర్థం ఇదే. ఒకరి ఒళ్ళు, ఊపిరి, ఆకలి మన నిర్ణయం మీద ఆధారపడి ఉంటే, ఆ నిర్ణయానికి కావలసిన జ్ఞానం సంపాదించడం మనకు ధర్మం. ఎంతమంది మన మీద ఆధారపడితే ఆ ధర్మం అంత బరువెక్కుతుంది. బిడ్డల తల్లికి, పొలం యజమానికి, ముఠా మేస్త్రికి, హాస్టలు వార్డెనుకు, బడి నడిపే మఠకన్యలకు, విచారణ గురువుకు ‘నాకు తెలియదు’ అనే మాట అంత సులువుగా చెల్లదు.

ఇక మూడవది అన్నిటికన్నా లోతైనది. తెలుసుకోవడం ఇష్టంలేక తెలుసుకోకపోవడం. “పరీక్ష చేయించుకుంటే షుగరుందంటారు, అన్నం మానమంటారు. తెలియకపోతేనే హాయి” అనేవారు మన కుటుంబాలలో లేరా? పెళ్ళికి ముందు రక్తపరీక్ష అంటే, “మా అబ్బాయినే అనుమానిస్తారా?” అని కోపగించుకొనే తల్లిదండ్రులు లేరా? ఎయిడ్స్ వ్యాధి మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు కూల్చిందో సమాధుల తోటలో ప్రార్థన చెప్పిన గురువులకు తెలుసు. తనలో హెచ్.ఐ.వి. ఉండవచ్చునని లోలోపల అనుమానమున్న మనిషి, పరీక్షకు పోకుండా పెళ్ళిపీటల మీద కూర్చుంటే, రేపు అతడు ‘నాకు తెలియదు’ అని ప్రమాణం చేసినా అది సత్యమేనా? మాట వరకు సత్యమే. తెలియకుండా అతడు తానే తలుపు వేసుకున్నాడు గనుక ఆ తలుపుకు అతడే జవాబుదారి. 2004 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో దీనికి మందులు ఉచితంగా ఇస్తున్నారు. క్రమంగా వాడితే మనిషి చాలా ఏళ్ళు బతుకుతాడు, ఇతరులకు అంటే ప్రమాదమూ బాగా తగ్గిపోతుంది. అనగా ఈనాడు తెలుసుకోవడం మరణవార్త వినడం కాదు. బతికే దారి వినడం.

ఇక్కడ న్యాయమైన ఒక అభ్యంతరమున్నది. తెలుసుకోకుండా ఉండే హక్కు మనిషికి లేదా? నయంకాని జబ్బుతో ఉన్న వృద్ధుడు, “నాకు ఎన్నాళ్ళున్నదో చెప్పకండి, ప్రశాంతంగా పోనివ్వండి” అంటే అతడు పాపం చేసినట్లా? కాదని నా అభిప్రాయం. ఆ జ్ఞానం అతనికొక్కడికే సంబంధించినది. దానిని ఎప్పుడు మోయాలో అతనే నిర్ణయించుకోవచ్చు. బలవంతంగా చెవిలో పోయడం క్రూరత్వం. కాని ఆ వృద్ధుడు తీర్చవలసిన అప్పులు, పంచవలసిన ఆస్తి, క్షమాపణ అడగవలసిన తమ్ముడు ఉంటే అప్పుడు ఆ జ్ఞానం అతనొక్కడిది కాదు. గీత ఎక్కడ గీయాలన్నది ఇక్కడే ఉన్నది. నా అజ్ఞానానికి మూల్యం నేనే చెల్లిస్తే ఒక లెక్క, నా ఇంటివారు చెల్లిస్తే మరొక లెక్క.

ఇంతసేపూ వినవలసినవారి ధర్మం చెప్పుకున్నాం. చెప్పవలసినవారి ధర్మం లేదా? 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ నుండి కాపాడే టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో చాలామంది పేద గిరిజన బిడ్డలు, హాస్టళ్ళలో ఉండి చదువుకొనేవారు. కొందరు బాలికలు మరణించిన తరువాత 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా ఎన్నో దేశాలలో ఆడపిల్లలకు మేలు చేస్తున్నది. కాని అంగీకార పత్రాల మీద ఎన్నో చోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారని వెల్లడైంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని గట్టిగా తప్పుపట్టింది.

మందు మంచిదే కావచ్చు. అయినా అక్కడ జరిగిన తప్పేమిటి? ఆ తల్లికి చెప్పలేదు. ఆమె భాషలో, ఆమె గడపలో కూర్చొని, ఇది ఇందుకు వేస్తున్నాం, ఇష్టమైతేనే వేయించుకోండి అని చెప్పవలసిన శ్రమ కొందరు తీసుకోలేదు. ఎవరి శరీరం మీద విజ్ఞానం పనిచేస్తుందో వారికి ఆ విజ్ఞానం చేరకపోతే మనిషిని వస్తువుగా వాడుకున్నట్లే. దాని ఫలితం రెండోవైపు కూడ ఉన్నది. చెప్పకుండా చేసిన చోట భయం పుడుతుంది, ఆ భయం రేపు మంచి టీకాను కూడ గడప తొక్కనివ్వదు. కనుక వైద్య కళాశాలలో ఉపన్యాసమిచ్చే పండితులకు ఒక మనవి. మీ మాటలు నాలుగో వరుసలో కూర్చున్న పత్తి తీసే అమ్మకు అర్థం కాకపోతే, మీ ధర్మం సగమే తీరినట్లు.

చెప్పవలసిన ధర్మాన్ని నిండుగా తీర్చినవారు మన గుంటూరులోనే ఉండేవారు. ఆస్ట్రేలియాలో 1887లో పుట్టిన మేరీ గ్లౌరీ గారు మెల్బోర్నులో వైద్యం చదివి, మంచి పేరున్న వైద్యురాలై, ఒక చిన్న పుస్తకం వలన భారతదేశంలో వైద్యం అందని స్త్రీల దుస్థితిని తెలుసుకున్నారు. తెలిసిన తరువాత తెలియనట్లు ఉండలేకపోయారు. 1920లో గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో చేరి మఠకన్య అయ్యారు. మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి శ్రీసభ చట్టం అడ్డుగా ఉన్న ఆ రోజులలో పోపుగారి ప్రత్యేక అనుమతితో వేలాది రోగులను చూశారు. ఆమె రోగులకు మందులిచ్చి ఊరుకోలేదు. మన ఊళ్ళ ఆడపిల్లలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగులను చూసుకోవడం నేర్పించారు. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని గుంటూరులో స్థాపించారు. 1957లో ఆమె కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. జ్ఞానం ఆమెకు బిరుదు కాలేదు, బాకీ అయింది. ఆ బాకీ తీర్చడానికి సముద్రాలు దాటి వచ్చారు. మనకు గుంటూరు బస్సెక్కడం బరువా?

అయినా ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. తెలిసినంత మాత్రాన అందరూ చేయలేరు. మిట్టమధ్యాహ్నం మిరప చేలో ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు వేసుకొని మందు కొట్టమని చెప్పడం ఉపన్యాస మందిరంలో సులువు. ఎండకు ఉడికిపోయేది కూలీ. “ఈ రోజు ఒంట్లో బాగాలేదు, మందు కొట్టను” అంటే ఆ పూట కూలి పోయేదీ అతనికే. నెలకోసారి పరీక్షకు రమ్మంటే కోతల కాలంలో ఏ అమ్మ వెళ్ళగలదు? తెలిసి చేయలేనివాడికి మరొక బోధ అవసరం లేదు, చేయూత కావాలి. తొడుగులు కొనిపెట్టే యజమాని కావాలి. పరీక్షకు వెళ్ళిన రోజు కూలి కోయని మేస్త్రి కావాలి. బిడ్డను ఆ పూట చూసుకొనే పొరుగింటామె కావాలి. ఇవి లేనిచోట పేదవాణ్ణి ‘చెప్పినా వినడు’ అని నిందించడం మన అజ్ఞానమే.

కనుక సోదరీ సోదరులారా, ఈసారి వైద్య కళాశాల నుండిగాని, పెద్దాసుపత్రి నుండిగాని ఒక ఉపన్యాసమనో, శిబిరమనో కబురు వస్తే, పూజ తరువాత చదివే ప్రకటనలలో విని మరచిపోకండి. అందరూ వెళ్ళలేరు. ప్రతి విచారణ నుండి ఇద్దరు వెళ్ళవచ్చు, వారిలో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది. వారికి బస్సు చార్జీలు, ఆ రోజు కూలి సంఘం పెట్టుకోవచ్చు. వెళ్ళినవారు మూడు ప్రశ్నలు అడగండి. ఈ జబ్బు మా ఊళ్ళో ఎందుకు వస్తున్నది? డబ్బు లేనివాడు మొదట చేయవలసినదేమిటి? ఏ గుర్తు కనబడితే ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి? తిరిగి వచ్చాక ఆ జవాబులు జపమాల కూటంలోనో, కల్లం దగ్గరో, మిరపకాయలు తొడిమలు తీసేచోటో చెప్పండి. అర్థం కానిది అర్థం కాలేదని చెప్పండి, కల్పించి చెప్పవద్దు. మిడిమిడి జ్ఞానంతో మందులు చెప్పడం కూడ ప్రాణాలు తీస్తుంది.

ఆత్మశోధన చేసుకొనేటప్పుడు మనం చేసిన తప్పులు వెదకుతాం. చేయవలసి ఉండీ చేయనివి కూడ వెదకమని శ్రీసభ నేర్పుతుంది. ఈ వారం ఇంటిల్లిపాదీ రాత్రి భోజనం దగ్గర కూర్చున్నప్పుడు ఒకరినొకరు ఇలా అడగండి: మన మీద ఆధారపడినవారు ఎవరెవరు? వారి ఆరోగ్యం కొరకు మనం తెలుసుకొనవలసి ఉండీ ఇంతవరకు తెలుసుకోనిది ఏమిటి? మొదట మన పొలంలో పనిచేసేవారి పేర్లతో మొదలుపెట్టండి.